పెడల్ బిగించడం సగం పనే

విశాఖపట్నంలో నేను వెళ్ళే సైకిల్ కొట్టు పెద్దాయన నలభై ఏళ్ళుగా పానా పట్టిన మనిషి. ఆయన మేనల్లుడు ఉద్యోగం చేసుకుంటూ ఆదివారం పొద్దున్నే కొండదారుల్లో సైకిల్ తొక్కుతాడు, మధ్యాహ్నం మావయ్యకి కొట్లో సాయం చేస్తాడు. నా మౌంటెన్ బైకుకి క్లిప్‌లెస్ పెడళ్ళు వేయించుకుందామని డబ్బాతో సహా వెళ్ళాను. అల్లుడు డబ్బా విప్పాడు, మావయ్య మూసేశాడు. అక్కణ్ణుంచి వాళ్ళిద్దరి మధ్య నడిచిన వాదన ఇది. ఇద్దరూ సైకిలెక్కే మనిషి మేలు కోరే మాట్లాడారు. అందుకే రాస్తున్నాను.

మావయ్య: ఇవి నేను బిగించనురా. పోయిన నెల ఒకమ్మాయి చేతికి కట్టుతో వచ్చింది, గుర్తుందా? వేరే ఎక్కడో ఇలాంటివే వేయించుకుంది. సిగ్నల్ దగ్గర ఆగింది. కాలు ఊడి రాలేదు. నిలబడ్డ సైకిల్ నిలబడ్డట్టే పక్కకి ఒరిగిపోయింది. మణికట్టు విరిగింది. వేగంగా పోతూ పడ్డదంటే అర్థముంది. ఆగితే పడేసే వస్తువుని ఎలా బిగించి పంపను?

అల్లుడు: పడింది పెడల్ వల్ల కాదు మావయ్యా. కాలు ఎలా తియ్యాలో ఆమెకి ఎవరూ నేర్పలేదు. స్ప్రింగు ఎంత బిగుతుగా ఉందో ఎవరూ చూడలేదు. వస్తువు మీద కోపం ఎందుకు?

మావయ్య: అసలు పేరులోనే మోసం ఉంది. క్లిప్‌లెస్ అంటే క్లిప్పు లేనిదనే కదా? తీరా చూస్తే బూటుని పెడల్‌కి తాళం వేసినట్టు పట్టేస్తుంది.

అల్లుడు: ఆ పేరుకి ఒక కథ ఉంది. పాత రేసు సైకిళ్ళకి పెడల్ ముందు ఇనప పంజరం లాంటిది ఉండేది, దాని మీద తోలు పట్టీ. దాన్ని టో క్లిప్ అనేవారు. కాలు అందులో దూర్చి పట్టీ బిగిస్తే, దిగాలంటే వంగి చేత్తో పట్టీ వదులు చెయ్యాలి.

మావయ్య: తెలుసు. ఆ రోజుల్లో పందేలకి పోయే కుర్రాళ్ళకి నేనే బిగించాను ఆ పట్టీలు.

అల్లుడు: కాలు జారి పడేవాడికి మంచు మీద ఏం చేస్తారో చూసి దీన్ని కనిపెట్టారు. ఫ్రాన్సులో లుక్ అనే కంపెనీ స్కీ బూట్లని పట్టి ఉంచే బిగింపులు చేసేది. మనిషి పడితే బూటు దానంతటదే ఊడి రావాలి, లేకపోతే కాలు విరుగుతుంది. అదే ఆలోచనని 1984లో పెడల్‌కి పెట్టారు. 1985లో బెర్నార్ ఇనో ఆ పెడళ్ళ మీదే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. ఆ ఇనప పంజరం అక్కర్లేదు గనక క్లిప్‌లెస్ అన్నారు. అంటే కాలుని బంధించడానికి పుట్టింది కాదు మావయ్యా, చేత్తో పట్టీ విప్పే బాధ లేకుండా కాలుని వదలడానికి పుట్టింది. 1990లో షిమానో వాళ్ళు ఎస్‌పీడీ అని కొండ సైకిళ్ళ కోసం తెచ్చారు. బూటు కింద పెడల్‌లో పట్టుకునే ముక్కని క్లీటు అంటారు. ఇందులో అది చిన్నది, అరికాలి రబ్బరు పళ్ళ మధ్య లోపలికి దాగి ఉంటుంది. దిగి రాళ్ళ మీద నడిచినా ఇబ్బంది లేదు.

మావయ్య: సరే, కథ బాగుంది. అవసరం చెప్పు. కాలు కిందకి తొక్కుతుంది. అంతకు మించి ఏం కావాలి? కట్టేస్తే పైకి కూడా లాగొచ్చు, బలం రెట్టింపవుతుందని ఎవరో చెబుతారు, కుర్రాళ్ళు నమ్ముతారు.

అల్లుడు: అది మాత్రం నీ మాటే నిజం. 2007లో సైక్లిస్టుల మీద చేసిన ఒక పరిశోధనలో, పనిగట్టుకుని పైకి లాగుతూ తొక్కితే శరీరం ఖర్చుపెట్టే శక్తి పెరిగిందని తేలింది. మామూలుగా తొక్కేటప్పుడు కిందకి నొక్కడమే అసలు పని. బలం కోసమని వేయించుకునేవాళ్ళకి నేనూ వద్దనే చెబుతాను.

మావయ్య: మరి దేనికి?

అల్లుడు: నా కాలు చూడు. మోకాలి కింద ఎముక మీద ఈ మచ్చలు. మామూలు పెడల్ మీద పట్టు కోసం ఇనప మేకులు ఉంటాయి కదా, అరకు ఘాట్ దాటాక రాళ్ళ దిగుడులో సైకిల్ ఎగిరింది. పాదం లేచింది, పెడల్ తిరిగొచ్చి ఎముక మీద గీరింది. ఎర్రమట్టి తడిసి ఉంటే పాదం అసలు నిలవదు. దీని మీద అయితే సైకిల్ ఎంత ఎగిరినా పాదం ఉన్నచోటే ఉంటుంది. నాకు కావలసింది బలం కాదు మావయ్యా, పాదం కదలకపోవడం.

మావయ్య: నువ్వే ఫోన్లో చూపించావు కదా ఆ ఆస్ట్రేలియా కుర్రాణ్ణి, శామ్ హిల్ అని. 2007లో, 2010లో ప్రపంచ డౌన్‌హిల్ విజేత. 2017 నుంచి 2019 దాకా వరుసగా మూడేళ్ళు ఎండ్యూరో ప్రపంచ సిరీస్ గెలిచాడు. అంతా మామూలు పెడళ్ళ మీదే. అతనికి పాదం జారలేదా?

అల్లుడు: అతను పాదాన్ని వాలుగా నొక్కి ఉంచే పద్ధతి బాగా సాధన చేశాడు. మడమ కిందకి దింపి, శరీరం బరువంతా పెడల్‌లోకి దించుతాడు. మామూలు పెడల్ మీద అది నేర్చుకున్నవాడికి ఈ తాళం అక్కర్లేదు, ఒప్పుకుంటాను. కానీ క్రాస్ కంట్రీ పందేల్లో గంటన్నర పాటు ఎక్కుతూ దిగుతూ పోవాలి. అక్కడ ముందు వరుసలో ఉండేవాళ్ళ కాళ్ళ కింద చూడు, ఇవే ఉంటాయి.

మావయ్య: అంటే ఇది అందరికీ కాదు, కొందరికే.

అల్లుడు: కొందరికే. ఆ కొందరికైనా సరిగ్గా బిగించాలి కదా. నువ్వు బిగించనంటే వాళ్ళు వేరే ఎక్కడికో పోతారు. ఆ అమ్మాయి పోయినట్టే.

ఆ మాటకి మావయ్య కాసేపు ఏమీ అనలేదు. నా సైకిల్‌ని స్టాండుకి ఎక్కించాడు. 15 నంబరు పానా తీసి పాత పెడల్‌కి పట్టించాడు. అది కదల్లేదు.

మావయ్య: చూశావా? ఇదీ సముద్రం పక్కన ఉండే ఊరి సంగతి. క్రాంకు అల్యూమినియం, పెడల్ ఇరుసు ఉక్కు. మధ్యలో ఉప్పుగాలి, వానతడి. రెండు లోహాలూ ఒకదాన్నొకటి తినేసి అతుక్కుపోతాయి. ఎవడు బిగించాడో గాని గ్రీజు పెట్టలేదు. ఇలాంటిదాన్ని బలంతో గుంజితే క్రాంకు మర కోసుకుపోతుంది. అప్పుడు పెడల్‌తో పాటు క్రాంకూ కొనాలి.

నూనె చుక్కలు వేసి, అది మరలోకి దిగేదాకా ఆగాడు. తర్వాత క్రాంకు వేడినీళ్ళతో తడిపాడు. పానా పొడవు సరిపోకపోతే దాని చివర ఒక గొట్టం తొడిగాడు. చేతి వేళ్ళు చైను పళ్ళ దగ్గర లేకుండా చూసుకుని, పానా పిడిని పైకి ఉంచి, వెనక చక్రం వైపు నెమ్మదిగా నొక్కాడు. కీచుమని ఒక చప్పుడు. పెడల్ కదిలింది.

అల్లుడు: రెండో పక్క నేను తీస్తాను.

మావయ్య: ముందు చెప్పు, ఎటు తిప్పుతావు?

అల్లుడు: ఎడమ పెడల్‌కి ఎడమ మర. మామూలు మరకి తిరగేసి ఉంటుంది.

మావయ్య: కొత్తవాడికి అలా చెబితే తికమకపడతాడు. నేను కుర్రాళ్ళకి ఒకటే మాట చెబుతాను. పానా పైకి ఉంచి ముందు చక్రం వైపు లాగితే బిగుతు, వెనక చక్రం వైపు లాగితే వదులు. కుడికీ ఇదే, ఎడమకీ ఇదే. అలెన్‌కీతో లోపలి వైపు నుంచి తిప్పినా ఇదే. కుడి ఎడమలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, చక్రాలు గుర్తుంటే చాలు.

అల్లుడు: అసలు ఎడమది తిరగేసి ఎందుకు పెట్టారో తెలుసా?

మావయ్య: తొక్కేకొద్దీ ఊడిపోకుండా.

అల్లుడు: అదే. కానీ అందులో ఒక వింత ఉంది. పెన్సిల్ ఇటివ్వు. పిడికిలి కాస్త వదులుగా పెట్టి అందులో పెన్సిల్ దూర్చు. ఇప్పుడు పెన్సిల్ కొసని గుండ్రంగా తిప్పుతాను. చూడు, కొస ఒక దిక్కున తిరుగుతుంటే నీ పిడికిలిలో పెన్సిల్ దానికి ఎదురు దిక్కున నెమ్మదిగా దొర్లుతోంది. పెడల్ ఇరుసు కూడా అంతే. కాలి బరువు ప్రతి చుట్టులోనూ దాన్ని క్రాంకు రంధ్రం గోడ చుట్టూ దొర్లిస్తుంది. ఆ దొర్లుడు బిగుతు వైపు ఉండాలంటే ఎడమ పక్క మర తిరగేసి కొయ్యాలి.

మావయ్య పిడికిలిలో పెన్సిల్‌ని రెండుసార్లు తనే తిప్పి చూసుకున్నాడు. నలభై ఏళ్ళుగా చేస్తున్న పనికి కారణం చేతిలో కనిపించినప్పుడు మనిషి ముఖంలో వచ్చే వెలుగు నేను ఆయనలో చూశాను.

మావయ్య: సరే. క్రాంకు మర గుడ్డతో తుడువు. పాత మట్టి రేణువు ఒక్కటి ఉన్నా కొత్త మరని కోస్తుంది. గ్రీజు చుట్టూ పలచగా రాయి. ఇరుసు మీద ఆర్, ఎల్ అని అక్షరాలు చూసుకో. ఇప్పుడు పానా ముట్టుకోకుండా వేళ్ళతో ఎక్కించు. మొదటి మూడు చుట్లు వేళ్ళతో ఎక్కకపోతే మర అడ్డంగా పడిందన్నమాట. వెనక్కి తీసి మళ్ళీ మొదలుపెట్టు.

అల్లుడు: 9/16 అంగుళం ఇరుసు, అంగుళానికి 20 చుట్లు. చాలా పెద్దల సైకిళ్ళకి ఇదే కొలత. చివరి బిగింపుకి మాత్రం టార్క్ పానా వాడదాం మావయ్యా. షిమానో వాళ్ళు 35 నుంచి 55 న్యూటన్ మీటర్లని చెబుతారు.

మావయ్య: నా చెయ్యి చెబుతుంది ఎంత బిగించాలో.

అల్లుడు: పెడల్ దగ్గర నీ చెయ్యి తప్పదు, నాకు తెలుసు. కానీ బూటు కింద క్లీటు బోల్టులు చిన్నవి, 5 మిల్లీమీటర్ల మర. వాటికి 5 నుంచి 6 న్యూటన్ మీటర్లు చాలు. పెడల్ బిగించిన చేత్తోనే వాటిని బిగిస్తే మర పోతుంది. తక్కువ బిగిస్తే ఇంకా ప్రమాదం.

మావయ్య: తక్కువైతే ఊడి వస్తుంది, అంతేగా? కాలు బయటకి వస్తే మంచిదే కదా.

అల్లుడు: రాదు మావయ్యా! నేను భయపడేది అక్కడే. ఒక్కో క్లీటుకి రెండు బోల్టులు. ఒకటి ఊడిపోయిందనుకో, మడమ బయటకి తిప్పినప్పుడు బూటు ఆ మిగిలిన బోల్టు చుట్టూ తిరుగుతుంది. క్లీటు మాత్రం పెడల్‌లోనే కదలకుండా ఉండిపోతుంది. స్ప్రింగు విప్పుకోవాలంటే క్లీటు తిరగాలి, తిరిగేది బూటు. ఎంత తిప్పినా కాలు రాదు.

మావయ్య: నేను పొద్దుట్నుంచి చెబుతున్నది ఇదే కదరా! ఒక చిన్న బోల్టు మీద మనిషి ప్రాణం పెడతావా?

అల్లుడు: బ్రేకు తీగ కొసన బోల్టు కూడా చిన్నదే. దాన్ని చూడకుండా నువ్వు ఏ సైకిలూ బయటకి పంపవు. దీన్నీ అలాగే చూద్దాం. మరకి గ్రీజు రాసి, 4 నంబరు అలెన్‌కీతో సరిగ్గా బిగించి, నాలుగైదు సార్లు తొక్కాక మళ్ళీ ఒకసారి బిగుతు చూడాలి. ఆ తర్వాత నెలకోసారి.

మావయ్య: క్లీటు ఎక్కడ పెట్టాలో ఎలా తెలుస్తుంది? తప్పు చోట పెడితే మోకాలు పోతుందంటారు.

అల్లుడు: బొటనవేలు మొదట్లో ఉబ్బెత్తు ఎముక ఉంటుంది కదా, పెడల్ ఇరుసు దాని కిందకి, లేదా రవ్వంత వెనక్కి వచ్చేలా పెట్టాలి. కొండ దిగేటప్పుడు నిలబడి తొక్కేవాళ్ళకి కాస్త వెనక ఉంటేనే పిక్కలకి సుఖం. ఇక కోణం. కొందరి పాదాలు బయటకి తిరిగి ఉంటాయి, కొందరివి నిటారు. బల్ల మీద కూర్చోబెట్టి, కాళ్ళు వేలాడనిచ్చి, పాదం ఎటు చూస్తోందో గమనించాలి. దాన్ని వంచి తిన్నగా చెయ్యకూడదు. క్లీటు పట్టి ఉన్నప్పుడు కూడా మడమ కొంచెం అటూ ఇటూ ఆడుతుంది. ఆ ఆటే మోకాలిని కాపాడేది.

మావయ్య: బల్ల ఎందుకురా? ఏమండీ, మీ చెప్పు ఒకటి ఇటు ఇవ్వండి.

నా చెప్పు తీసి తిరగేశాడు. మడమ దగ్గర బయటి అంచు అరిగిపోయి ఉంది. రెండోదీ చూశాడు. అది తక్కువ అరిగింది.

మావయ్య: ఈయన కుడి పాదం బయటకి తిప్పి నడుస్తారు, ఎడమది తిన్నగా. రెండు క్లీట్లూ ఒకేలా పెడితే కుడి మోకాలు రోజూ మెలిపడుతుంది. బల్ల మీద కూర్చున్నప్పుడు మనిషి కాళ్ళు సర్దుకుంటాడు. చెప్పు రెండేళ్ళ నడకని దాచలేదు.

అల్లుడు: ఇది నాకు తెలియదు. ఏ పుస్తకంలోనూ చూడలేదు. ఇక నుంచి రెండూ చూస్తాను.

మావయ్య: ఇప్పుడు సంరక్షణ చెప్పు. వానాకాలంలో ఈ ఎర్రమట్టి ఆ స్ప్రింగులో ఇరుక్కుంటే?

అల్లుడు: కాలు లోపలికి పట్టదు, పట్టింది బయటకి రాదు. తొక్కి వచ్చిన రోజే పాత టూత్ బ్రష్‌తో పెడల్‌లో మట్టి, బూటు కింద క్లీటు చుట్టూ మట్టి తీసెయ్యాలి. ఆరాక స్ప్రింగు కీలు దగ్గర ఒక చుక్క నూనె, మిగిలింది గుడ్డతో తుడిచెయ్యాలి. జిడ్డుగా వదిలితే దుమ్ము పట్టి ముద్ద అవుతుంది. బైకులు కడిగే ఒత్తిడి నీళ్ళు మాత్రం ఇరుసు వైపు కొట్టకూడదు.

మావయ్య: కిరసనాయిల్‌తో కడిగితే మట్టి ఒక్క నిమిషంలో పోతుంది.

అల్లుడు: మట్టితో పాటు లోపల గ్రీజు కూడా పోతుంది మావయ్యా. రబ్బరు సీలు సందులోంచి దూరి గోలీల దగ్గరున్న గ్రీజుని కరిగిస్తుంది. ఇంకో నెలకి కరకరమని చప్పుడు మొదలవుతుంది.

మావయ్య: ఆ చప్పుడు వస్తే విప్పి కొత్త గ్రీజు పెట్టాలి. పాత పెడళ్ళకి నేను చేసేది అదే. పెడల్ పట్టుకుని అటూ ఇటూ ఊపితే ఆట తెలుస్తుంది. వేళ్ళతో తిప్పితే గరుకు తెలుస్తుంది. దీనికి చెవులూ వేళ్ళూ చాలు.

అల్లుడు: ఇవీ విప్పొచ్చు. గోలీలు, కోనులు ఉన్న రకాలైతే ఇరుసు మొత్తం ఒకే ముక్కగా బయటకి వస్తుంది. చాలా షిమానో రకాల్లో దాన్ని పట్టి ఉంచే తొడుగు కుడి పెడల్‌కే తిరగమర, ఎడమదానికి మామూలు మర. క్రాంకు మరకి సరిగ్గా వ్యతిరేకం. తెలియక బలం చేస్తే ప్లాస్టిక్ తొడుగు పగులుతుంది.

మావయ్య: ఇంకొకటి అడుగుతాను. క్లీటు అరిగితే?

అల్లుడు: అరిగిన క్లీటు రెండు రకాలుగా మోసం చేస్తుంది. ఎక్కువ ఆడుతూ అనుకోని చోట ఊడిపోతుంది, లేదా బయటకి రావడానికి ఎప్పుడూ లేనంత తిప్పాల్సి వస్తుంది. విడుదల తీరు మారిందంటే క్లీటు మార్చాలి. స్ప్రింగు బిగించి సరిపెట్టుకోకూడదు.

మావయ్య: ఇప్పుడు అసలు మాట. ఇవన్నీ నువ్వు సరిగ్గా చేశావే అనుకో. ఈయన బయటకి వెళ్ళి మొదటి సిగ్నల్ దగ్గర ఆగుతారు. భయం వేస్తే మనిషి కాలు ఎటు లాగుతాడు? పైకి లాగుతాడు, పక్కకి తిప్పడు. అది పుట్టుకతో వచ్చిన అలవాటు. నీ పెడల్ పక్కకి తిప్పితేనే వదులుతుంది. పుట్టుకతో వచ్చినదానికి ఎదురు నడిచే వస్తువుని డబ్బాలో పెట్టి అమ్మడం తప్పు కాదా? బ్రేకు సరిగ్గా పడకపోయినా మనిషి దూకెయ్యగలడు. ఇది దూకనివ్వదు.

అల్లుడు: తప్పే. డబ్బాలో పెట్టి చేతికిచ్చి పంపడం తప్పే. అందుకే మూడు పనులు చెయ్యాలి. ఒకటి, కొత్తవాళ్ళకి క్లీటు మార్చాలి. డబ్బాలో సాధారణంగా నల్లవి వస్తాయి, ఎస్‌హెచ్ 51 అని. అవి మడమ పక్కకి తిప్పితేనే వదుల్తాయి. వెండి రంగువి విడిగా దొరుకుతాయి, ఎస్‌హెచ్ 56. అవి ఇంకా చాలా దిక్కుల్లో, గట్టిగా పైకి లాగినా వదుల్తాయి. నువ్వు చెప్పిన ఆ భయానికి అదే జవాబు. రెండు, స్ప్రింగు. ఒక్కో పెడల్‌కి రెండు పక్కలా రెండు మరలు, మొత్తం నాలుగు. 3 నంబరు అలెన్‌కీతో నాలుగూ అన్నిటికన్నా వదులుగా, ఒకేలా పెట్టాలి.

మావయ్య: మూడోది?

అల్లుడు: మూడోది... నేర్పడం. నిజానికి అది నేనూ ఎవరికీ చెయ్యలేదు. నేను నేర్చుకున్నది ఒక్కణ్ణే, పడి లేచి.

మావయ్య: అలా చెప్పు. నేను అడుగుతున్నదీ అదే. పెడల్ బిగించడం సగం పనిరా. కాలు తీయడం నేర్పితేనే రెండో సగం. ఈ గోడ ఉందిగా? సైకిల్ గోడకి ఆనించి ఎక్కించు. కాలు పెట్టించు, మడమ బయటకి తిప్పి తీయించు. ఎడమ కాలు ఇరవై సార్లు, కుడి కాలు ఇరవై సార్లు. చెయ్యి గోడ మీద ఉన్నంతసేపూ పడరు. తర్వాత గడ్డి మైదానంలో మెల్లగా తొక్కి, ఆగకముందే కాలు తీయడం. ఆగాక కాదు, ఆగబోయే ముందు. మన దేశంలో ఎడమ పక్కన పోతాం గనక ఎడమ కాలే తీసి ఫుట్‌పాత్ వైపు పెట్టాలి. కుడి వైపు ఒరిగితే లారీ కింద పడతారు. ఇవన్నీ చేసి చూపించినవాళ్ళకే ఈ కొట్లోంచి ఈ పెడళ్ళు బయటకి వెళ్ళాలి. ఒప్పుకుంటావా?

అల్లుడు: ఒప్పుకున్నాను. నువ్వు బిగిస్తావా?

మావయ్య: బిగిస్తాను. చివర ఆ టార్క్ పానాతో నువ్వు చూడు.

ఆ సాయంత్రం నేను గోడకి చెయ్యి ఆనించి ఎడమ కాలు ఇరవై సార్లు, కుడి కాలు ఇరవై సార్లు తీశాను. పద్నాలుగోసారికి మడమ ఆలోచించకుండానే పక్కకి తిరిగింది. ఆ క్షణం చూసి మావయ్య తలూపాడు. క్లీటు బోల్టులు అల్లుడు మళ్ళీ ఒకసారి చూశాడు. అప్పుడే సైకిల్ నా చేతికిచ్చారు.

ఇప్పటికి ఎనిమిది నెలలైంది, ఒక్కసారీ పడలేదు. మీరు ఈ పెడళ్ళు వేయించుకోవాలనుకుంటే కొట్టువాడిని ధర అడిగే ముందు ఒక ప్రశ్న అడగండి: కాలు తీయడం నేర్పుతారా? నేర్పుతామంటే అక్కడే డబ్బా విప్పించండి. నేర్పమంటే ఇంట్లో ఒక గోడ ఉంటుంది, దగ్గర్లో ఒక గడ్డి మైదానం ఉంటుంది. అక్కడ నేర్చుకున్నాకే రోడ్డెక్కండి.